పాత సినిమా, కొత్త సినిమా: దక్షిణ ఒడిశా తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లలో నలుగురు కూడినప్పుడు సినిమా ప్రస్తావన రాక మానదు, వచ్చినప్పుడల్లా పెద్దలు ఒక పక్షానికీ పిల్లలు ఒక పక్షానికీ చేరిపోవడమూ మామూలే. ఆ వాదనల్లో మళ్లీ మళ్లీ వినబడే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, నాకు తెలిసినంతలో, నేను నమ్మినంతలో సమాధానాలు రాశాను.

నేటి సినిమాలు పాత సినిమాలకంటే నాసిరకంగా ఉన్నాయా?

మొత్తం మీద లేవన్నదే నా సమాధానం. ఛాయాగ్రహణం, కూర్పు, చిన్న పాత్రల నటన, కథకు ఎంచుకునే ఊళ్లు, బతుకులు వంటి విషయాల్లో నేటి సగటు సినిమా నిన్నటి సగటు సినిమాకంటే మెరుగ్గానే ఉంది. అయితే ఒక్క విషయంలో మాత్రం మనం నిజంగా నష్టపోయాం. అది మాట. సంభాషణ స్పష్టంగా వినబడటం, పాటలోని పదం చెవికి చేరి మనసులో నిలవడం, ఇంటిల్లిపాదీ ఆ మాటలను మర్నాడు వాడుకోవడం బాగా తగ్గిపోయాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి ఇది చిన్న లోపంగా తోచవచ్చు. బడిలో ఒడియా, కొలువులో ఇంగ్లీషు, బజారులో రెండూ కలిసిన మాట వాడుతూ బతికే మనకు ఇది చిన్న లోపం కాదు. కింది సమాధానాల్లో చాలావరకు ఈ విషయం చుట్టూనే తిరుగుతాయి.

అయితే పాత సినిమాలన్నీ బాగున్నట్టు ఎందుకు అనిపిస్తుంది?

ఎందుకంటే మనం చూస్తున్నవి పాత సినిమాలన్నీ కావు, వాటిలో కాలం అనే జల్లెడలో నిలిచినవి మాత్రమే. 1957వ సంవత్సరాన్నే తీసుకుందాం. ఆ ఏడాది పేరు చెప్పగానే మాయాబజార్ గుర్తుకు వస్తుంది, ఆ తరువాత సువర్ణసుందరి, తోడికోడళ్లు, పాండురంగ మహాత్మ్యం గుర్తుకు వస్తాయి. యాభైలలో ఏటా సుమారు 20 నుంచి 30 తెలుగు చిత్రాలు విడుదలయ్యేవి. మిగిలినవాటి పేర్లు చెప్పమంటే సినిమా చరిత్ర చదివినవారు కూడా తడుముకుంటారు. వాటిలో చప్పటి కథలు ఉన్నాయి, అరువు బాణీలు ఉన్నాయి, అతుకుల హాస్యమూ ఉంది. టీవీ వాటిని వేయదు కాబట్టి మనం చూడం, చూడం కాబట్టి అవి లేవనుకుంటాం.

ఇప్పటి సినిమాల సంగతి అలా కాదు. ఏటా 200కు పైగా తెలుగు చిత్రాలు వస్తున్నాయి, మంచిదీ చెడ్డదీ కూడా విడుదలైన వారంలోనే మన కళ్ల ముందుకు వస్తాయి. నిన్నటివాటిలో ఉత్తమమైన నాలుగింటిని, నేటివాటిలో మొన్న శుక్రవారం విడుదలైన నాలుగింటితో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. పోల్చదలిస్తే ఉత్తమాన్ని ఉత్తమంతో పోల్చాలి, లేదా సగటును సగటుతో పోల్చాలి.

దీనికి మరో కారణం కూడా ఉంది. పాతవాటిలో చాలా సినిమాలు భౌతికంగానే నశించిపోయాయి. తొలి తెలుగు టాకీగా చెప్పుకునే, హెచ్.ఎం. రెడ్డి తీసిన భక్త ప్రహ్లాద ప్రతి నేడు ఎక్కడా లేదు. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో తయారైనది. త్వరగా అంటుకునేది, వేడికీ తేమకూ పాడయ్యేది. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది 1964లో కాబట్టి, అప్పటికే మూడు దశాబ్దాల తెలుగు సినిమాలో చాలా భాగం చేజారిపోయింది. ఒక విషయం చెప్పాలి. గంజాం పల్లెల్లో నేటికీ రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకాన్ని మనం చూడగలం, కానీ అదే కథతో తీసిన మన తొలి టాకీని చూడలేం. తరాల తరబడి మనుషులు నేర్చుకుంటూ ఆడుతూ వచ్చిన కళ నిలిచింది, డబ్బాలో దాచినది మాత్రం పోయింది.

"పాత" అంటే ఏ కాలం?

అడిగేవారి వయసునుబట్టి మారుతుంది. డెబ్బై దాటినవారికి అది విజయా వాహినీ కాలం. యాభైలలో ఉన్నవారికి కె. విశ్వనాథ్, జంధ్యాల కాలం. ముప్పైలలో ఉన్నవారు రెండువేల సంవత్సరం నాటి ప్రేమకథలను పాత బంగారమని చెప్పడం నేను స్వయంగా విన్నాను. అందరూ తాము పదిహేనేళ్ల వయసులో చూసినవాటినే ఉత్తమమని నమ్ముతారు. ఇది తప్పేమీ కాదు, కానీ దాన్ని చరిత్ర అనుకోకూడదు.

సినిమా మనుషుల్ని చెడగొడుతోందన్న ఫిర్యాదు సినిమా అంత పాతది. 1927లో బ్రిటిషు ప్రభుత్వం వేసిన సినిమా విచారణ సంఘం ప్రశ్నావళికి గాంధీజీ ఇచ్చిన జవాబులో, తాను ఎన్నడూ సినిమాకు వెళ్లలేదని, అయినా అది చేసిన చెరుపు కళ్లకు కనబడుతూనే ఉందని రాశారు. అప్పటికి మన భాషలో టాకీ ఇంకా పుట్టనే లేదు.

మాయాబజార్ వంటి సినిమాను ఇప్పుడు ఎందుకు తీయలేకపోతున్నారు?

ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా ప్రతిభ తగ్గిపోయిందని చెప్పదలుస్తారు. నేను దానితో ఏకీభవించను. తగ్గినది ప్రతిభ కాదు, ఆ ప్రతిభ పనిచేసిన ఏర్పాటు.

మద్రాసులో విజయా వాహినీ వంటి స్టూడియోలు ఒక ఊరంత ఉండేవి. రచయిత, కళాదర్శకుడు, ఛాయాగ్రాహకుడు, సంగీత దర్శకుడు, నటులు ఒకే ఆవరణలో రోజూ కలిసేవారు, నెలజీతాలపై పనిచేసినవారూ ఉండేవారు. దర్శకుడు కె.వి. రెడ్డి చిత్రీకరణకు ముందే ప్రతి సన్నివేశం నిడివిని లెక్కకట్టుకునేవారని పేరు. పింగళి నాగేంద్రరావు కథ, మాటలు, పాటలు అన్నీ తానే రాశారు కనుక పాత్ర మాట్లాడే భాషకూ పాడే భాషకూ తేడా రాలేదు. మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లోనే వెన్నెల భ్రాంతిని కల్పించారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు సావిత్రి ఎస్.వి. రంగారావు హావభావాలను తన ఒంట్లోకి తెచ్చుకున్న తీరు చూస్తే, ఇద్దరూ ఒకరినొకరు ఎంత దగ్గరగా గమనించి ఉంటారో అర్థమవుతుంది. కలిసి మెలిసి పనిచేసే ఏర్పాటు లేకుండా అటువంటి నటన పుట్టదు.

రెండో కారణం ఫిల్ము ధర. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు ఖర్చవుతుంది, వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలకే అయిపోతుంది. ముడి ఫిల్ము విదేశాలనుంచి రావలసినది, యుద్ధకాలంలోనైతే దొరకడమే గగనం. కాబట్టి కెమెరా తిప్పేముందే మాట పక్కాగా ఉండాలి, నటులు పూర్తిగా సాధన చేసి ఉండాలి. నేడు డిజిటల్ కెమెరాతో ఒకే దృశ్యాన్ని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తీయవచ్చు, సంభాషణను తరువాత డబ్బింగులో మార్చుకోవచ్చు. ఇది గొప్ప సౌకర్యమే. కానీ రచన పూర్తికాకుండానే చిత్రీకరణకు వెళ్లే అలవాటుకూ ఈ సౌకర్యమే దారి చూపింది.

అదే సమయంలో, 2015లోనూ 2017లోనూ వచ్చిన బాహుబలి రెండు భాగాలు చూపిన యుద్ధాలను, జలపాతాలను, కోటలను ఆనాటివారు ఊహించినా తీయగలిగేవారు కారు. ఇక ఆనాడు అన్నీ సాఫీగా సాగాయనుకోవద్దు. తెలుగులో తొలి పూర్తి నిడివి రంగుల చిత్రం లవకుశ డబ్బు ఇబ్బందులతో మధ్యలో ఆగి, ఏళ్లు పట్టి, చివరికి 1963లో విడుదలైంది.

నేటి సినిమాల్లో మాటలు సరిగా వినబడవు. ఇది మా చెవుల లోపమా, సినిమా లోపమా?

చాలావరకు సినిమా లోపమే. పెద్దవారు ఈ మాట అన్నప్పుడు పిల్లలు వయసును సాకుగా చూపడం నాకు నచ్చదు.

పాత సినిమాలో శబ్దమంతా ఒకే ట్రాకులో, తెరవెనుక ఉన్న ఒకే స్పీకరు వైపునుంచి వచ్చేది. ఆ ట్రాకు మోయగలిగిన శబ్దశ్రేణి చాలా చిన్నది. మాట వినబడాలంటే సంగీతాన్ని తగ్గించక తప్పేది కాదు, కాబట్టి తగ్గించేవారు. నటుల్లో చాలామంది నాటకరంగం నుంచి వచ్చినవారు. చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా అక్షరం చేరాలన్నది వారికి మొదటి పాఠం. ఒత్తులు ఒత్తులుగా, దీర్ఘాలు దీర్ఘాలుగా పలకకపోతే ఆ రంగంలో నిలిచేవారు కారు.

తొంభైలనుంచి డిజిటల్ శబ్దం వచ్చాక శ్రేణి బాగా పెరిగింది. గుసగుసనూ పేలుడునూ ఒకే సన్నివేశంలో వినిపించవచ్చు. అయితే నేపథ్య సంగీతాన్నీ పోరాటాల శబ్దాన్నీ గరిష్ఠ స్థాయికి తీసుకుపోవడంతో, చెవులు బద్దలవుతున్నాయన్న ఫిర్యాదు రాగానే థియేటరు ఆపరేటరు మొత్తం శబ్దాన్నే తగ్గిస్తాడు. అప్పుడు పేలుడు భరించదగినదిగా మారుతుంది, కానీ మాట మరుగున పడుతుంది. చిన్న ఊళ్లలోని హాళ్లలో మధ్య స్పీకరు బలహీనంగా ఉంటే పరిస్థితి మరీ అన్యాయం, ఎందుకంటే సంభాషణ ప్రధానంగా ఆ స్పీకరునుంచే వస్తుంది. ఇళ్లలో చూసే పలచని టీవీల స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి కాబట్టి అక్కడా అదే కథ.

నటన తీరు కూడా మారింది. సహజత్వం కోసం నటులు తగ్గించి మాట్లాడుతున్నారు. ఇది మంచి మార్పేనని నేను ఒప్పుకుంటాను, కానీ తగ్గించి మాట్లాడటం వేరు, నమిలి మింగడం వేరు. దీనికి తోడు తెలుగు రాని నటీనటులకు ఇతరులు గొంతు అరువివ్వడంతో, పెదవి ఒకచోట, మాట ఒకచోట, భావం మరోచోట ఉన్న సన్నివేశాలు ఎన్నో చూస్తున్నాం. సావిత్రి, భానుమతి, జమున తమ మాట తామే చెప్పుకున్నారు. భానుమతి తన పాట తానే పాడుకున్నారు.

పాత సినిమాల భాష గొప్పదనడం గ్రాంథికంపై మోజు కాదా?

కాదు. పైగా తెలుగు సినిమా భాషను గ్రాంథికం నుంచి విడిపించినవారిలో మన ప్రాంతపు మనిషి ఉన్నారు. ఈ సంగతి మన పిల్లలకు తెలియకపోవడం నన్ను చాలా బాధిస్తుంది.

తాపీ ధర్మారావు 1887లో బరంపురంలో పుట్టారు, పర్లాకిమిడిలో చదువుకున్నారు. ఆ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాటం నడిపారు. ధర్మారావు ఆయన శిష్యుడు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్ల చిత్రానికి ధర్మారావు రాసిన సంభాషణలు జనం మాట్లాడుకునే తెలుగులో ఉన్నాయి. పౌరాణిక నాటకాల భాషకు అలవాటుపడ్డ తెరపై అది పెద్ద మార్పు. అస్పృశ్యత వంటి విషయాన్ని జనం భాషలో చెబితేనే జనానికి తగులుతుందన్న ఎరుక దాని వెనుక ఉంది. ఆయన కుమారుడు తాపీ చాణక్య 1955లో రోజులు మారాయి, 1964లో రాముడు భీముడు చిత్రాలకు దర్శకత్వం వహించారు.

కాబట్టి పాత సినిమా భాషను నేను మెచ్చుకునేది అది బరువుగా ఉన్నందుకు కాదు. అది తేటగా ఉండి, రాసినవారికి భాష మీద పట్టు ఉండి, విన్నవారి నోట్లో ఆడేందుకు అనువుగా ఉన్నందుకు.

యాసల విషయంలో పాతవే మేలా?

ఈ విషయంలో నేటి సినిమాలే మేలు, అందులో నాకు ఎటువంటి సందేహమూ లేదు. పాత సినిమాల్లో నాయకుడూ నాయికా కృష్ణా గుంటూరు ప్రాంతాల శిష్టవర్గం మాట మాట్లాడేవారు. కళింగాంధ్ర యాస గాని, తెలంగాణ యాస గాని వినబడిందంటే అది పనిమనిషి నోటనో హాస్యగాడి నోటనో ప్రతినాయకుడి నోటనో అయి ఉండేది. మన మాట వినబడగానే హాలులో నవ్వు పుట్టేది. ఆ నవ్వులో మనమూ కలవవలసి వచ్చేది.

నేడు ఆ పరిస్థితి మారింది. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం విశాఖలోని ఒక పేటను, అక్కడి మామూలు మనుషులను కథగా చేసుకుంది. 2020 నాటి పలాస 1978 బరంపురంనుంచి రైలులో కొద్దిసేపట్లో చేరే ఊరి కథ, శ్రీకాకుళం యాసను నాయకుడి నోట పెట్టిన కథ. 2025లో వచ్చిన తండేల్ శ్రీకాకుళం జిల్లా జాలర్లు పాకిస్తాను చెరలో చిక్కుకున్న నిజ సంఘటన ఆధారంగా తీసినది. 2023లో వచ్చిన బలగం తెలంగాణ పల్లెలోని చావింటి ఆచారాలను ఆ పల్లె మాటతోనే చూపింది. గంజాం, గజపతి జిల్లాల తెలుగు శ్రీకాకుళం తెలుగుకు ఎంత దగ్గరో వేరే చెప్పక్కరలేదు. మా ఇంటి మాట తెరమీద గౌరవంగా వినబడటం నా తల్లిదండ్రుల తరం ఎరుగని అనుభవం. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా పాతవే మేలనడం మనకు మనం అన్యాయం చేసుకోవడమే.

అయితే ఒడియా కలిసిన మన తెలుగు మాత్రం ఇంకా తెరకు రాలేదన్నది నా కొరత. ఒకే వీధిలో రథయాత్రనూ సంక్రాంతినీ జరుపుకునే కుటుంబం కథను ఎవరైనా రాయాలి.

పాటలు నిజంగా దిగజారాయా?

సంగీతం దిగజారలేదు, సాహిత్యానికి చోటు తగ్గింది. శ్రీశ్రీ, కృష్ణశాస్త్రి, దాశరథి, ఆరుద్ర, ఆత్రేయ, సినారె వంటి కవులు సినిమాకు రాసిన రోజుల్లో బాణీ మాటకు దారి ఇచ్చేది. ఇప్పుడు తాళవాద్యాల ఉద్ధృతిలో పల్లవి తప్ప మరేమీ చెవిన పడదు. అయినా కవులు లేరనడం అబద్ధం. సిరివెన్నెల సీతారామశాస్త్రి 2021లో కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నారు. చంద్రబోస్ రాసిన, కీరవాణి స్వరపరచిన నాటు నాటు పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది. ఆ పాట మాటల్లో పల్లె సంగతులే ఉన్నాయన్నది గమనించాలి.

పాటల ప్రస్తావన వచ్చింది కాబట్టి రఘునాథ్ పాణిగ్రాహిని తలచుకోకుండా ఉండలేను. గుణుపురంలో పుట్టిన ఒడియా గాయకుడు ఆయన. 1956 నాటి ఇలవేల్పు చిత్రంలో ఆయన గొంతున వినబడే చందమామ పాటను నేటికీ తెలుగువారు పాడుకుంటారు. తరువాత ఆయన సినిమా రంగాన్ని వదిలి, బరంపురంలో పుట్టిన తన భార్య, ఒడిస్సీ నర్తకి సంయుక్తా పాణిగ్రాహి నృత్యానికి గాత్ర సహకారం అందిస్తూ జీవితం గడిపారు. పరాయి భాషవాడు పాడినా తెలుగు అక్షరం చెడకుండా పాడించుకున్న పట్టుదల ఆనాటి సంగీత దర్శకులది. పాత పాటల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది దాన్నే.

నేటి సినిమాలన్నీ రీమేకులే కదా?

ఆనాడూ రీమేకులు ఉన్నాయి. 1955లో వచ్చిన మిస్సమ్మకు బెంగాలీ మూలం ఉంది, 1962 నాటి గుండమ్మ కథకు కన్నడ మూలం ఉంది, దేవదాసు శరత్‌బాబు నవల. తేడా ఏమిటంటే వారు మూలాన్ని తెలుగింటికి తెచ్చి కొత్తగా కాపురం పెట్టించారు. గుండమ్మ పరాయి ఊరి మనిషని ఎవరికీ తోచదు.

హింస, అసభ్యత పెరిగాయా?

హింస పెరిగింది. ఇందులో వాదనకు తావు లేదు. నరకడాన్ని దగ్గరగా, నెమ్మదిగా, పదేపదే చూపడం నాయకుడి గొప్పతనానికి గుర్తుగా మారింది. అసభ్యత విషయంలో మాత్రం ఎనభైలు, తొంభైల నాటి ద్వంద్వార్థపు మాటలను, వానపాటలను గుర్తున్నవారు ఎవరూ నేటి సినిమాలే పాడయ్యాయని అనలేరు.

పిల్లలతో వెళ్లేవారు సెన్సారు సర్టిఫికెట్టును చూసి వెళ్లడం మంచిది. 2023లో చట్టాన్ని సవరించాక యు/ఎ వర్గాన్ని 7+, 13+, 16+ అని మూడు భాగాలుగా చేశారు. ఇవి తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలు. "ఎ" సర్టిఫికెట్టు ఉన్న చిత్రానికి మాత్రం 18 ఏళ్లు నిండనివారిని అనుమతించకూడదు. మన హాళ్లలో ఈ నియమాన్ని పట్టించుకోకుండా చంకలో పిల్లలతో వచ్చేవారిని లోపలికి పంపడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

స్త్రీ పాత్రల సంగతి?

ఇక్కడ పాతవారికే నా ఓటు. అయితే అన్ని కాలాల పాతవారికీ కాదు. భానుమతి 1953లో చండీరాణికి దర్శకత్వం వహించారు, సావిత్రి 1968లో చిన్నారి పాపలుకు దర్శకత్వం వహించారు, విజయనిర్మల నలభైకి పైగా చిత్రాలు తీశారు. మిస్సమ్మలో నాయికకు ఉద్యోగం, మతం, కోపం, ఆత్మగౌరవం అన్నీ ఉన్నాయి. డెబ్బైల చివరినుంచి పెద్ద నాయకుల చిత్రాల్లో నాయిక పాటలకు పరిమితమైంది, ఆ పరిమితి నేటికీ పూర్తిగా తొలగలేదు. నందినీ రెడ్డి వంటి దర్శకురాళ్ల చిత్రాలు, సావిత్రి జీవితంపై 2018లో వచ్చిన మహానటి వంటివి కొంత ఊరట.

సినిమాలు ఇంత హడావుడిగా, ఇంత గట్టిగా ఎందుకు ఉంటున్నాయి?

డబ్బు తిరిగివచ్చే దారి మారింది. ఒకప్పుడు కొద్ది ప్రింట్లతో పెద్ద పట్టణాల్లో విడుదలై, అక్కడ ఆడాక చిన్న ఊళ్లకు వచ్చేది. పర్లాకిమిడికో జయపురానికో చేరేసరికి నెలలు గడిచేవి. బాగుంటే వంద రోజులు, 25 వారాలు ఆడి లాభం తెచ్చేది, కాబట్టి నెమ్మదిగా పుంజుకునే సినిమాకు కూడా బతుకు ఉండేది. ఇప్పుడు ఒకేరోజు అన్ని రాష్ట్రాల్లో విడుదలవుతుంది, మొదటి వారం వసూళ్లే దాని జాతకాన్ని తేలుస్తాయి. ఆ మొదటి రోజు జనాన్ని రప్పించేందుకు ఏం కావాలో దాన్నే దట్టించి తీస్తున్నారు.

దానికి తోడు ఒకే చిత్రాన్ని నాలుగైదు భాషల్లో విడుదల చేయడంవల్ల, ఏ భాషలోకి మార్చినా నడిచే మాటలే రాస్తున్నారు. పక్కింటి ఒడియా మిత్రుడు అదే సినిమాను హిందీలో చూసి నాతో సమానంగా ఆనందించడం నాకు సంతోషమే. కానీ తెలుగులో చూసినందుకు నాకు అదనంగా దక్కినదేమీ లేనప్పుడు మనసు చివుక్కుమంటుంది.

ఇందులో సరిహద్దు జిల్లాల ప్రత్యేకత ఏముంది?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ తరువాత పుట్టిన తరాలకు తెలుగు చదువు క్రమంగా దూరమైంది. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు తగ్గిపోయారు. మా వీధిలో తెలుగు ధారాళంగా మాట్లాడి, తెలుగు బోర్డు చదవలేని యువకులు చాలామంది ఉన్నారు. వారికి పుస్తకం లేదు, పత్రిక లేదు. అమ్మ మాట, నాయనమ్మ మాట, ఆపైన సినిమా మాట, అంతే. అందుచేత సినిమాలో మాట పలచబడితే వారి తెలుగు కూడా పలచబడుతుంది. ఇచ్ఛాపురానికో పాతపట్నానికో వెళ్లి మరీ తెలుగు సినిమా చూసివచ్చే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వారు వెతుక్కుంటున్నది వినోదాన్ని మాత్రమే కాదు.

పిల్లలకు పాత సినిమాలు చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

భక్తి చిత్రాలతోనో కన్నీటి కథలతోనో మొదలుపెట్టవద్దు. నవ్వించే వాటితో మొదలుపెట్టండి. మిస్సమ్మ, గుండమ్మ కథ పదేళ్ల పిల్లలు కూడా ఆసక్తిగా చూడగలిగినవి. మాయాబజార్ మూడు గంటలకు పైగా ఉంటుంది కాబట్టి రెండు రోజులుగా చూపించండి. నలుపు తెలుపు బొమ్మ చూడబోమని మొరాయించే పిల్లలకు 2010లో రంగులు వేసి విడుదల చేసిన ప్రతి ఉంది. నాకు అసలు ప్రతే ఇష్టం, కానీ పిల్లలు చూడటమే ముఖ్యం. శంకరాభరణం కాస్త పెద్దయ్యాక చూపించవచ్చు.

ఆ పక్కనే కొత్తవీ చూపించండి. బలగం చూశాక అది మన ఊరి ఆచారాలకు ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ వేరుపడుతుందో ఇంట్లో పెద్దలను అడగమనండి. ఓటీటీలో చూసేటప్పుడు తెలుగు సబ్‌టైటిళ్లు ఉంటే పెట్టుకోవాలి. వినబడని మాట తెలుస్తుంది, చదవడం రాని పిల్లలకు అక్షరాలు కూడా కొద్దికొద్దిగా పట్టుబడతాయి. అన్నిటికీ తెలుగు సబ్‌టైటిళ్లు ఉండవు, ఇంగ్లీషువి మాత్రమే ఉంటాయి. లేనప్పుడు ఆ సంస్థ యాప్‌లోని సహాయ విభాగానికి రాసి అడగాలి. అడిగేవారు ఎక్కువైతేనే వారు ఆ ఖర్చుకు సిద్ధపడతారు, కాబట్టి ఒక్కరే రాసి ఊరుకోకుండా బంధువుల చేత కూడా రాయించండి.